మాత్రల మీద మా అత్త అనుమానం

పోయిన నెల ఆదోని ఆసుపత్రి నుంచి మా ఆయన ఫోను చేసి, "అమ్మ పోయింది మే" అన్నాడు. "ఒక డాక్టరు సెప్తే సాలదు, ఇంకొకరిని సూడమను" అన్నాను. మా అత్తతో ఇన్నేళ్లు ఒకే ఇంట్లో ఉన్నదాన్ని, ఇంకేమంటాను!

ఆమెకు అనుమానం రానిదంటూ లేదు. పాలలో వేలు ముంచి చూసేది. ఆదోని ఆటో ఎక్కి కూడా, ఇది ఆదోనికే పోతుందా అని పక్కవాళ్లను అడిగేది.

నా రెండో కాన్పు తర్వాత, ఒంట్లో రక్తం లేదు, ఇప్పట్లో మళ్లీ కడుపొస్తే ప్రాణానికే ముప్పని ఆసుపత్రిలో గట్టిగా చెప్పారు. కడుపు రాకుండా మాత్రలిచ్చారు. మా ఆయన ఇళ్లు కట్టే బేల్దారి పనికి బెంగళూరు పోయాడు. ఒకరోజు నా చీరల మధ్య మాత్రల షీటు మా అత్తకు దొరికింది.

"మొగుడు బెంగళూరులో ఉండాడు. నీకీ మాత్రలెందుకు మే?"

నాకు ఒళ్లు మండిపోయింది. మా ఊళ్లో ఆడవాళ్లు, వలస పోయిన మొగుడు ఇంటికి వచ్చిన రోజుల్లోనే మాత్ర వేసుకునేవాళ్లు. ఆయన బస్సెక్కగానే మానేసేవాళ్లు. "దినమూ మింగల్ల అత్తా" అంటే ఆమె నమ్మలేదు. నా బండారం బయటపెడదామని ఎమ్మిగనూరు ఆసుపత్రికి లాక్కుపోయింది.

"దినమూ మింగాల్సిందే పెద్దమ్మా. మొగుడొచ్చినప్పుడే ఏసుకుంటే పని చేయదు" అంది నర్సు.

అత్త ముఖం పాలిపోయింది. "మరి నా కూతురికి ఈ మాట ఎందుకు సెప్పలేదు?" అని అరిచింది. మా ఆడబిడ్డ వెంటవెంటనే కడుపై కాన్పులో పోయిందని నాకు తెలుసు. పండక్కి మొగుడొచ్చినప్పుడు మాత్రమే మాత్ర వేసుకునేదని ఆ రోజే తెలిసింది.

అప్పటి నుంచి అత్త అనుమానం ఆసుపత్రి మీదికి మళ్లింది. వీలైనప్పుడల్లా పోయి వరండాలో కూర్చుని, మాత్రలు తీసుకుని వచ్చే ప్రతి ఆడపిల్లనూ ఆపేది. "నీకేం సెప్పినారు? నాకు సెప్పు" అనేది. ఒకసారి మాత్రలు అయిపోయాయంటే నమ్మక బీరువా తెరిపించింది. నిజంగానే ఖాళీ. "నెల ఆగమంటావు సరే, మొగుళ్లు ఆగుతారా సామీ?" అని డాక్టరును నిలదీసింది. అందరూ నవ్వారు, ఆమె నవ్వలేదు. మాత్రలు తెప్పించేదాకా ఆయన్ని వదల్లేదు.

ఒక సాయంత్రం నా చేతికి మాత్ర, చెంబుతో నీళ్లు ఇస్తుంటే పక్కింటామె గోడ మీంచి చూసింది. "కొడుకు ఊర్లో లేడు, కోడలికి మాత్రలా? నీకు అనుమానం రాల్యా?" అంది.

"నా బిడ్డను పోగొట్టుకుంటి. ఇదన్నా బతకల్ల" అంది అత్త.

తర్వాత నా వైపు తిరిగింది. మింగేశానన్నాను. నమ్మలేదు. నా గడ్డం పట్టుకుని, "నోరు తెరువు, నాలుక ఎత్తు" అంటూ, నీళ్లు నిండిన కళ్లతో చాలాసేపు లోపలికి చూసింది.