పదహారో ఎపిసోడ్ కోసం జైనూర్ దాకా

శనివారం పొద్దున ఆరున్నరకు కరీంనగర్ బస్టాండ్‌లో పెద్దపల్లి బస్సెక్కాను. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు జీరో టికెట్టు. సంచిలో ఒక చీర, ఛార్జరు, దారిలో తినడానికి నాలుగు సర్వపిండి ముక్కలు. వాటితోపాటు బోలెడు కోపం. బెల్లంపల్లిలో ఉండే మా తమ్ముడి బిడ్డ స్రవంతిని ఎదురుగా కూర్చోబెట్టి నాలుగు తిట్టాలి. ఫోన్లో తిడితే అది పెట్టేస్తుంది, అందుకే ఈ ప్రయాణం.

ముందురోజు సాయంత్రం అదే ఫోన్ చేసింది. సంబంధం దాదాపు కుదిరిందట. పిల్లగాడి పేరు ప్రవీణ్, జైనూర్‌లో ఎరువుల దుకాణం. ఇంతవరకు బాగానే ఉంది.

"అత్తమ్మా, ఆయన అచ్చం మన హీరో లెక్కనే ఉన్నడు," అంది.

"అంటే? గంత అందగాడా?"

"గది కాదు. మాట్లాడనే మాట్లాడడు. నేను పది మెసేజ్‌లు పెడితే ఒక్కటి పెడుతడు. మొన్న వీడియో కాల్‌ల నేను నవ్వితే, 'నవ్వకు, మంచిగ లేవు' అన్నడు. రెండో ఎపిసోడ్‌ల హీరో గట్లనే అంటడు కదా!"

ఆ మాట సంతోషంగా చెప్పింది. నా చేతిలో కత్తెర ఉంది, కుడుతున్న బ్లౌజు గుడ్డ అడ్డంగా కత్తిరించేశాను.

చదివేవాళ్లకు ఈ హీరో సంగతి చెప్పాలి. స్రవంతి డిగ్రీ చదివిన మూడేళ్లూ మా ఇంట్లోనే ఉంది. మా ఆయన మస్కట్‌లో పనిచేస్తాడు, నేను ఇంట్లో బ్లౌజులు కుడతాను. సాయంత్రాలు తోచక కూర్చుంటే, ఈ పిల్లే మిషన్ పక్కన ఫోను నిలబెట్టి మొదటి డ్రామా పెట్టింది. జపాన్‌లో ఆడపిల్లలు చదువుకునే ప్రేమకథల బొమ్మల పుస్తకాలుంటాయట. వాటిని సీరియళ్లుగా తీస్తారు. ఒకే కథను జపాన్ వాళ్లు తీస్తారు, తర్వాత తైవాన్ వాళ్లు, కొరియా వాళ్లు, థాయ్‌లాండ్ వాళ్లు మళ్లీ తీస్తారు. మేం నాలుగూ చూశాం. కింద పడే అక్షరాలు చదువుకుంటూ కుడుతుంటే ఒకరోజు సూది వేలిలో దిగింది. గుడ్డ చుట్టుకుని మిగతా ఎపిసోడ్ చూశానే గానీ ఫోను ఆపలేదు. ఒక పెళ్లికూతురి బ్లౌజుకు రెండు చేతులూ ఒకే పక్కవి కుట్టి, ఆ తల్లితో తిట్లు తిన్నాను. అంత పిచ్చి పట్టింది.

ఏ దేశం వాడైనా హీరో మాత్రం ఒకటే. మూతి ముడుచుకుని ఉంటాడు. పిల్ల కష్టపడి వండి తెస్తే ముట్టుకోడు. నలుగురిలో తెలివితక్కువదానివి అంటాడు. పదిహేను ఎపిసోడ్లు ఏడిపించి, పదహారో దాంట్లో వానలో ఉరికొచ్చి నువ్వు లేక బతకలేనంటాడు. అప్పుడు అత్తాకోడళ్లం ఇద్దరం ఏడ్చేవాళ్లం. ఆ హీరో ఫోన్లో ఉన్నంతవరకు నాకు అభ్యంతరం లేదు. ఎరువుల దుకాణంలో కూర్చుంటేనే అభ్యంతరం.

పెద్దపల్లిలో దిగి స్టేషన్ బయట టీ తాగి జనరల్ టికెట్టు తీసుకున్నాను. ఎనిమిదిన్నర ప్రాంతంలో బండి వచ్చింది. కిటికీ పక్కన సీతాఫలాల గంపతో ఒక పెద్దమ్మ ఉంది, మంచిర్యాల పోతోంది. నేను జరిగి కూర్చుని ఫోను తీశాను. ఆ రెండో ఎపిసోడ్ మళ్లీ చూడాలనిపించింది, కోపానికి ఆధారం కావాలి కదా. పెద్దమ్మ నా భుజం మీదుగా తొంగిచూసింది.

"గాడు గట్ల కసురుతుంటే గీ పిల్లకు నవ్వెట్ల వస్తుందమ్మా?"

"ముందుముందు మారుతడు," అన్నాను.

"మాకు గూడ గట్లనే చెప్పిండ్రు," అని ఆమె గంప సర్దుకుంది.

నేను గతుక్కుమన్నాను. స్రవంతిని తిట్టడానికి పోతున్నదాన్ని, ఆ హీరో తరఫున వకాల్తా తీసుకున్నాను. ఫోను మూసేశాను. రామగుండం దాటాక గోదావరి వచ్చింది. పెద్దమ్మ రూపాయి బిళ్ల నదిలోకి విసిరి దండం పెట్టుకుంది. దిగేటప్పుడు నా ఒళ్లో రెండు పండ్లు పెట్టి, పైసలు ఇవ్వబోతే కసిరింది.

బెల్లంపల్లి చేరేసరికి పదకొండు కావస్తోంది. ఆటోలో తమ్ముడి క్వార్టర్‌కు పోయాను. ఆ వరసలో సగం క్వార్టర్లకు తాళాలే. బొగ్గు బాయిలు ఒక్కొక్కటే మూతపడ్డాక జనం ఎటు పని దొరికితే అటు పోయారు. తమ్ముడు మొదటి షిఫ్టులో ఉన్నాడు. మరదలు సరోజ వంటింట్లో బెండకాయలు కోస్తోంది. స్రవంతి ఎదురొచ్చి సంచి అందుకుంది. దాని మొహం వెలిగిపోతోంది, అది చూసి నాకు ఇంకా మండింది.

"నవ్వద్దన్నోడు నీకు నచ్చిండా?" అన్నాను చెప్పులు విడవకముందే.

"అత్తమ్మా, నీకు తెల్వదు. పైకి గట్ల ఉంటరు. లోపల ప్రేమ ఉంటది."

"లోపల ఉన్నట్టు నీకెట్ల తెల్సు? బొమ్మల పుస్తకంల అయితే వాని తలకాయ మీద మబ్బు లెక్క గీసి, లోపలి మాట రాస్తరు. గందుకే మనకు తెలుస్తది. గీ ప్రవీణ్ తలకాయ మీద ఎవలు రాసిండ్రు?"

అది సంచి గోడవారన పెట్టింది. తర్వాత మెల్లగా అంది: "బాపు మాట్లాడుతడా? మరి బాపుకు అవ్వ మీద ప్రేమ లేదా?"

అడిగింది వాళ్ల అమ్మానాన్నల సంగతి. మా తమ్ముడు రోజంతటికీ పది మాటలు మాట్లాడితే గొప్ప. బాయిలో దిగిన మనిషి చీకటితో మాట్లాడి మాట్లాడి అలసిపోతాడేమో, ఇంటికొచ్చి గోడకు ఆనుకుని కూర్చుంటాడు. జవాబు దొరకని కోపం అన్నింటికంటే చెడ్డది.

జవాబు వంటింట్లోంచి వచ్చింది. "మీ బాపు మాట్లాడడు," అంది సరోజ కత్తిపీట మీదినుంచి లేవకుండానే. "నన్ను మాట్లాడద్దని ఎన్నడన్నడు? పొద్దటిసంది నేను ఒర్రుతనే ఉంట. కూసోని వింటడు."

శభాష్ అనుకున్నాను. అంతలోనే ఆమె నా మీద పడింది. "అయినా వదినె, కుదిరేతాన వచ్చి నువ్వు కిరికిరి పెట్టకు. మస్తు పరేషానయినంక దొరికిన సంబంధం ఇది. పిల్లగాడు తాగడు, తిరగడు. మాట కరుకైతే ఏమాయె?"

తాగడు, తిరగడు. మన దగ్గర మగపిల్లలు పాసవడానికి ఈ రెండు మార్కులే చాలు.

మరునాడు ఆదివారం, జైనూర్‌లో పిల్లగాని ఇల్లు చూడబోవాలి. కిరాయి బండి మాట్లాడారు. తమ్ముడు, సరోజ, ఆమె అన్న, ఇంకో నలుగురు మగవాళ్లు, నేను. సాయంత్రం లెక్క చూస్తుంటే, స్రవంతి కూడా రావాలన్నాను. అందరూ ఒక్కసారే లేచారు.

"ఇల్లు చూడబోతే పిల్లను ఎవలన్న తీస్కపోతరా? ఇజ్జత్ ఉంటదా?" అన్నాడు సరోజ వాళ్లన్న. "అయినా బండ్ల జాగ లేదు."

"నువ్వు దిగు, జాగ అయితది. గా ఇంట్ల నువ్వు కాపురం చేస్తవా?" అని అరిచాను. పక్క క్వార్టర్ వాళ్లు బయటికి వచ్చి చూశారు. చూడనీ అనుకున్నాను.

తమ్ముడు పళ్లెంలో చేయి కడుక్కుంటున్నాడు. తల ఎత్తకుండా "రానియ్యి," అన్నాడు. ఆ రోజుకు వాడి పది మాటల్లో అదొకటి. చివరికి అందరం ఇరుక్కుని కూర్చుందామని తేలింది.

ఆదివారం ఏడింటికి బయల్దేరాం. ఆసిఫాబాద్‌లో ఆగి అటుకుల పోహ తిన్నాం, పల్లీలు దండిగా వేసి, పైన నిమ్మకాయ పిండి ఇచ్చారు. అక్కడినుంచి కెరమెరి దారి. రెండు పక్కలా పత్తి అప్పుడే పగులుతోంది. ఘాట్ మొదలయ్యాక మలుపు మలుపుకూ టేకు చెట్లు మీదికి వచ్చినట్టుంటాయి. వానలు వెనకపట్టిన రోజులు కాబట్టి కొండంతా పచ్చగా ఉంది. నా మనసు బాగుంటే ఇంకో పేజీ రాసేదాన్ని.

ఘాట్‌కు ముందే స్రవంతి 'బయల్దేరినం' అని మెసేజ్ పెట్టింది. నీలం గీతలు రెండూ పడ్డాయి, జవాబు రాలేదు.

"చూసిండు," అంది మురిపెంగా.

"చూసి ఊకున్నడు," అన్నాను.

జైనూర్‌లో దిగేసరికి పది దాటింది. ముందు దుకాణం, వెనక ఇల్లు. స్లాబు ఇల్లు, బోరు, వెనక పెద్ద జాగా. వంక పెట్టడానికి ఏమీ లేదు. మగవాళ్లు బోరు చుట్టూ తిరిగి తలలూపారు. ప్రవీణ్ మగవాళ్లకు నమస్తే పెట్టి, మా వైపు చూడకుండా మళ్లీ దుకాణంలో కూర్చున్నాడు.

వాళ్లమ్మ మాత్రం మమ్మల్ని చేయి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. మంచి మనిషి. టీ ఇచ్చి, మొన్న ఒక కోతి వంటింట్లోకొచ్చి చేసిన ఆగం చెప్పడం మొదలుపెట్టింది. ఆ కోతి ఆమె భర్త కళ్లద్దాలు ఎత్తుకుపోయి రేకుల మీద కూర్చుందట. "పెట్టుకోని నా దిక్కు సూసిందమ్మా, అచ్చం మా ఆయన లెక్కనే మొహం పెట్టింది!" అని పగలబడి నవ్వింది. కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వింది. సరోజ నవ్వింది, స్రవంతి నవ్వింది. నా కోపం కూడా ఆ కాసేపు ఎటో పోయింది.

చెప్పుల చప్పుడైంది. గుమ్మంలో ఆమె భర్త నిలబడ్డాడు. ఆమెను చూశాడు, అంతే. ఆమె నవ్వు అక్కడికక్కడే ఆగింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లేచి మంచినీళ్లిచ్చింది. ఆయన తాగి చెంబు చేతికివ్వకుండా గట్టు మీద పెట్టి వెళ్లాడు. వెనకే ప్రవీణ్ వచ్చి, "దుకాణంల గిరాకి ఉన్నది. గీ నవ్వులేంది?" అని తల్లితో అని, తిరిగి పోయాడు.

చప్పుడు దూరమయ్యేదాకా ఆగి ఆమె గొంతు తగ్గించి చెప్పింది. "ఆయనకు నవ్వులంటె పడదు. మనిషి మంచోడే. లోపల ప్రేమ ఉంటది."

స్రవంతి ఆమెనే చూస్తోంది. "మీ పెండ్లయి ఎన్నేండ్లాయె అత్తా?" అని అడిగింది.

"ముప్పై ఏండ్లు బిడ్డా."

అన్నం పెట్టారు, తిన్నాం. మూడింటికి తిరుగు ప్రయాణం. ముందు సీట్లలో మగవాళ్లు అప్పుడే ముహూర్తాల దాకా పోయారు. వెనక సీట్లో స్రవంతి నా భుజానికి ఆనుకుని కూర్చుంది, ఫోను చేతిలో లేదు. ఘాట్ సగం దిగాక మెల్లగా అడిగింది.

"అత్తమ్మా, ముప్పై ఏండ్లాయె. ఆమెకు పదహారో ఎపిసోడ్ ఎప్పుడొస్తది?"

తిట్టాలని వచ్చిన నాలుగు మాటల్లో ఒక్కటీ మిగల్లేదు. అది నా జవాబు కోసం ఆగలేదు. ముందుకు వంగి అందరికీ వినబడేలా చెప్పింది: "బాపూ, నాకు గీ సంబంధం వద్దు."

సరోజ వాళ్లన్న వెనక్కి తిరిగి నా మీద వేలు చూపించాడు. "గీమెనే! గా ఫోన్ల డ్రామాలు చూపెట్టి పిల్లను ఖరాబ్ చేసింది!" సరోజ నెత్తి కొట్టుకుంది. నేనూ తగ్గలేదు, నోటికొచ్చినట్టు అన్నాను.

తమ్ముడు బండి ఆపించాడు. దిగి, సిగ్నల్ కోసం రెండు అడుగులు అటూ ఇటూ నడిచి, జైనూర్‌లో ప్రవీణ్ తండ్రికి ఫోన్ చేశాడు.

"అన్నా, మా బిడ్డ వద్దంటుంది. ఏమనుకోకుండ్రి."

అటువైపు అరుపులు మాకూ వినిపించాయి. తమ్ముడు అన్నీ విన్నాడు. స్రవంతి మెసేజ్‌లతో ప్రవీణ్‌కు తెలిసినట్టుంది, డ్రామాల సంగతీ ఎత్తారు. చివరికి అన్నాడు: "డ్రామాలా? ఔ, చూస్తది. రేపటిసంది నేను గూడ పక్కపొంటి కూసుంట." ఫోను జేబులో పెట్టుకుని ఎక్కి, "పోనియ్యి," అన్నాడు డ్రైవర్‌తో. స్రవంతి కిటికీ వైపు తిరిగి గట్టిగా ఏడ్చింది. వద్దన్నది అదే, ఏడ్చింది కూడా అదే. ఏడవనిచ్చాను.

సోమవారం పొద్దున బెల్లంపల్లిలో బండెక్కాను. సరోజ నాతో మాట్లాడలేదు, అయినా డబ్బాలో పులిహోర పెట్టింది. ఆమె భయం నాకు తెలుసు. జైనూర్‌లో నోళ్లు ఊరుకోవు, ఇంకో సంబంధం తొందరగా రాదు. దానికీ నాకు కోపమే. నవ్వద్దన్నవాడికి ఏ మచ్చా లేదు, వద్దన్న పిల్లకే మచ్చ. నాలుగు దేశాల వాళ్లు కలిసి ఆ మూతిముడుపు మొహానికి పాటలు కట్టినందుకు కోపం. లోపల ప్రేమ ఉంటుందని ఆడవాళ్లం ఒకరికొకరం చెప్పుకుంటూ పోతున్నందుకు అంతకంటే కోపం. అలాగని డ్రామాలు మానేస్తానని అబద్ధం చెప్పను. మంచిర్యాల దాటకముందే కొత్తది మొదలుపెట్టాను.

ఆ దారిన పోదలుచుకున్న వాళ్లు ఆసిఫాబాద్‌లో పోహ తినండి. వానలు వెనకపట్టాక కెరమెరి ఘాట్ ఎక్కండి, కళ్లు చల్లబడతాయి. ఇల్లు చూడబోయే పని మీద పోతే మాత్రం పిల్లను వెంట తీసుకుపొండి. బండిలో జాగా లేదంటే మగవాళ్లలో ఒకరిని దింపండి. ఘాట్ మీద దింపినా పరవాలేదు.