రాకెట్ కంప్యూటరు కట్టిన వైనం

నెవిల్ పాస్కో చేతికి ఏ వస్తువు ఇచ్చినా అడిగేది ఒకటే ప్రశ్న: "ఇది ఎలా చస్తుంది?" ఏం పనిచేస్తుంది, ఏ రంగుల్లో దొరుకుతుంది, పక్కింటివాళ్ళు కొన్నారా లేదా, ఇవేవీ అతనికి పట్టవు. చావు సంగతి తేలితే గాని సామాను ఇంట్లోకి రాదు. గొడుగుకైనా అదే పరీక్ష, గొడ్డలికైనా అదే పరీక్ష.

రొట్టెలు కాల్చే టోస్టరు ఎంచుకోవడానికి పదకొండు నెలలు పట్టింది. ఆ పదకొండు నెలలూ అతని భార్య మావిస్ రొట్టెలు పెనం మీద కాల్చింది. ఎవరైనా జాలిపడితే నవ్వేసేది.

"టోస్టరుదేముంది? నా సంగతి వినండి. పెళ్ళికి ముందు మా ఇంటికొచ్చి, మీ అమ్మమ్మ ఎన్నేళ్ళు బతికింది, దేంతో పోయింది అని అడిగాడు. తొంభై ఆరేళ్ళు బతికింది, చెట్టెక్కి జారిపడి పోయింది అని మా అమ్మ చెప్పాక గాని జేబులోంచి ఉంగరం తియ్యలేదు."

"అందుకేగా ఈ ఊళ్ళో కాపురం పెట్టాను?" అనేవాడు నెవిల్, నిమ్మకు నీరెత్తినట్టు. ఆస్ట్రేలియా పడమటి ఒడ్డునున్న మా జెరాల్డ్‌టన్‌లో సముద్రపు గాలికి చెట్లు నిలబడలేక నేలమీద పడుకుని పెరుగుతాయి. ఎక్కినా పడే ప్రమాదం లేదు.

ఇంత నిదానస్తుణ్ణి మా షెడ్డులో అందరం రాకెట్ అనేవాళ్ళం. ఇక్కడి పేర్ల తీరే అంత. ఏడడుగుల మనిషి ఒకాయన ఉన్నాడు, ఆయన్ని బుడ్డోడు అంటాం. నా తలమీద ఒక్క వెంట్రుక లేదు గనక నన్ను జులపాలు అంటారు. షెడ్డంటే ఉద్యోగాలు మానేసిన మగవాళ్ళం భార్యల కాళ్ళకి అడ్డం పడకుండా రోజూ చేరే పెద్ద రేకుల కొట్టం. రంపాలు, బెంచీలు, టీ కెటిల్ ఉంటాయి. గోడమీద మూడు నియమాలు రాసి ఉంటాయి: తీసిన పనిముట్టు తీసినచోటే పెట్టాలి. కప్పు ఎవరిది వాళ్ళే కడుక్కోవాలి. నిద్రపోయేవాణ్ణి లేపకూడదు. మొదటి రెండూ ఎవరూ లెక్కచెయ్యరు గాని, మూడోదాన్ని మాత్రం ప్రాణంలా పాటిస్తాం.

రాకెట్ నలభై ఏళ్ళు లాబ్‌స్టర్లనే పెద్ద రొయ్యలు పట్టే పడవల్లో రేడియోలు బాగుచేశాడు. నేను అవే పడవల్లో వలలు, బుట్టలు లాగాను. ఒకసారి అడిగాను, ఈ చావుల పిచ్చి ఎక్కడ అంటించుకున్నావురా అని.

"నడిసముద్రంలో రేడియో చస్తే దుకాణం ఎక్కడుంటుంది?" అన్నాడు.

"ఇప్పుడు నువ్వు సముద్రంలో లేవుగా?"

"ఎవరి సముద్రం వాళ్ళకుంటుంది జులపాలూ."

ఆ మాట అప్పుడు నాకు అర్థం కాలేదు. అర్థం కానివాటిని నేను పెద్దగా పట్టించుకోను. నా పద్ధతి వేరు. చవగ్గా కనిపించింది కొనెయ్యాలి, పాడైతే పారెయ్యాలి, ఇంకోటి కొనాలి. ఆలస్యం అమృతం విషం అని నమ్మినవాణ్ణి. రాకెట్ ఒక్క కంప్యూటరు వాడిన కాలంలో నేను ఆరు వాడాను. అందులో ఒకటి కొన్న వారానికే పోయింది.

ఇలా ఉండగా ఒకరోజు టీ వేళకి వెర్నా కట్లర్ షెడ్డుకి వచ్చింది. వెర్నా మా ఊళ్ళో 'గాలివాటం' అనే నాలుగు పేజీల పత్రిక నడుపుతుంది. ఎవరికి పిల్లలు పుట్టారు, ఎవరు పోయారు, ఎవరి కుక్క తప్పిపోయింది, శనివారం ఫుట్‌బాల్‌లో ఎవరు గొప్పగా ఓడిపోయారు, అన్నీ తనే రాసి, తనే అచ్చుతీసి, గురువారం పొద్దున బేకరీలో పెడుతుంది. ఇరవై రెండేళ్ళుగా ఒక్క వారం తప్పలేదు.

"నెవిల్, నాకొక కంప్యూటరు కట్టిపెట్టాలి" అంది కొబ్బరి తురుము అద్దిన కేకు ముక్కల డబ్బా బల్లమీద పెడుతూ. "ఇప్పుడున్నది రేపో మాపో అంటోంది. నా కళ్ళదీ అదే వరస. మహా అయితే ఏడాది అన్నాడు డాక్టరు. ఆ తర్వాత మొత్తం చీకటే."

మేం తింటున్నవాళ్ళం ఆగిపోయాం.

"అలా మొహాలు వేలాడెయ్యకండి, కేకు బాగాలేదనుకుంటారు. చూడు నెవిల్, అక్షరాలు పైకి చదివి వినిపించే ఏర్పాటు ఉంది. ఏ మీట ఎక్కడుందో నా వేళ్ళకి నేర్పాలి. చూపున్నప్పుడే నేర్పాలి. ఆ తర్వాత ఆ యంత్రం మారకూడదు, చావకూడదు. చచ్చిన ప్రతిసారీ ఎవరినో బతిమాలి పిలిపించుకుని, నా పత్రిక వాళ్ళ తీరిక కోసం కాచుక్కూచోవడం నా వల్ల కాదు. అంతకంటే మూసేస్తా."

"ఏడాదా?" అన్నాడు రాకెట్. "కాస్త తొందరపెడుతున్నావు."

టోస్టరుకే పదకొండు నెలలు! బుడ్డోడు నా వైపు చూశాడు, నేను బుడ్డోడి వైపు చూశాను.

మర్నాటి నుంచి రాకెట్ వేట మొదలైంది. కంప్యూటరు సామాన్ల దుకాణం గ్రెటాది. తోడు రమ్మంటే నేనూ వెళ్ళాను. గ్రెటా ముచ్చటపడి గాజు తలుపున్న కంప్యూటరు పెట్టె, అదే క్యాబినెట్, చూపించింది. లోపల ఎర్రవి, నీలివి, పచ్చవి దీపాలు మిలమిలలాడుతున్నాయి.

"ఇది కంప్యూటరా, తిరునాళ్ళా?" అన్నాడు రాకెట్. "గాలి ఎటునుంచి వస్తుంది? దుమ్ము ఎక్కడ ఆగుతుంది? బల్లి ఎక్కడ దూరుతుంది?"

"బల్లా?"

"వెచ్చగా ఉంటే బల్లి రాదూ? రెండు తీగల మీద కాళ్ళు పెడుతుంది. అదీ చస్తుంది, ఇదీ చస్తుంది."

తర్వాత పవర్ సప్లై అడిగాడు. గ్రెటా ఐదు రకాలు పెట్టింది. ఒక్కొక్కటే చేత్తో ఎత్తి బరువు చూశాడు. "కరెంటు ఎగిరిపడిన రోజున ముందు దెబ్బ తినేది ఇదే. ఇది మంచిదైతే తనొక్కటే చస్తుంది. చెడ్డదైతే ఇంటిల్లిపాదినీ తీసుకుపోతుంది" అన్నాడు. పన్నెండేళ్ళ పూచీ ఉన్నదాన్ని పక్కన పెట్టించాడు. ప్రాసెసరు దగ్గర గ్రెటా అన్నిటికంటే వేగమైనది తీసింది.

"ఆవిడ రాసేది కుక్కలు తప్పిపోయిన వార్తలు తల్లీ, కుక్కల కంటే వేగంగా రాయక్కర్లేదు. వేడెక్కనిది చూపించు. వేడే సగం చావు."

మదర్‌బోర్డు అందరూ ఏళ్ళుగా వాడుతున్న పాత కొలతలది కోరాడు. ఎందుకంటే ఆ కొలతలైతే పదేళ్ళ తర్వాతైనా ఏ కంపెనీ ముక్కైనా అందులో పడుతుందట. రాసింది దాచే డిస్కులు రెండు తీసుకున్నాడు, ఒకటి పోతే రెండోదాంట్లో అంతా ఉండేలా. ఇదంతా జరిగేసరికి నాలుగు నెలలు. ఒక్క ఫ్యాన్ ఎంచుకోవడానికే ఐదు వారాలు పట్టింది. అది తిరుగుతుంటే చెవి దగ్గర పెట్టుకుని వినేవాడు. "సముద్రపు ఉప్పుకి ముందు పోయేది ఇదే" అనేవాడు. గ్రెటా అతను వస్తున్నాడంటే కుర్చీ వేసి, టీ పెట్టి, లోపలికెళ్ళి తన పని చేసుకునేది.

సరే, సామానంతా షెడ్డుకి చేరింది, ఇక రెండు రోజుల్లో బిగించేస్తాడు అనుకున్నాం. అప్పుడు మొదలైంది అసలు వింత. రాకెట్ మూల బెంచీ దగ్గర కూచుని, క్యాబినెట్‌లో రెండు చేతులూ పెట్టి, తల వాల్చి, కళ్ళు మూసుకునేవాడు. గంటలకు గంటలు అలాగే. రోజూ అంతే.

"పాపం, సామాను ఎంచీ ఎంచీ అలిసిపోయాడు" అన్నాడు బుడ్డోడు.

"చేతులు పెట్టెలో పెట్టుకుని నిద్రేమిట్రా?"

"వెచ్చగా ఉంటుందేమో."

లేపుదామంటే మూడో నియమం ఉంది. రెండు నెలలు గడిచాయి. సామాను ఒకరోజు బిగించి ఉండేది, మర్నాడు విప్పి ఉండేది. మధ్యమధ్య గ్రెటా దగ్గరికి పోయి తెచ్చిన ముక్క మార్చుకొచ్చేవాడు. ఈలోగా వెర్నా 'గాలివాటం' అక్షరాలు వారం వారం లావెక్కుతున్నాయి. నాలుగు పేజీల వార్తలు ఆరు పేజీలయ్యాయి, ఎనిమిదయ్యాయి. ఒకరోజు బేకరీలో ఎదురుగా నుంచున్న నన్ను పలకరించకుండా వెళ్ళిపోయింది. నేను పలకరిస్తే ఉలిక్కిపడి, "నువ్వా జులపాలూ, నీ తల మెరుపు కూడా కనపడలేదు" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

తిన్నగా షెడ్డుకి వచ్చి నియమం తుంగలో తొక్కాను. రాకెట్ భుజం పట్టి కుదిపాను.

"అవతల ఆవిడ చూపు పోతుంటే ఇక్కడ కునుకు తీస్తున్నావా? ఇంకెన్నాళ్ళు?"

రాకెట్ కళ్ళు తెరిచి, "ఒక మర చేతికి అందట్లేదు" అన్నాడు. మళ్ళీ మూసుకున్నాడు.

నాకు ఒళ్ళు మండింది. ఆ శనివారమే ఫుట్‌బాల్ మైదానం దగ్గర సాసేజులు కాల్చి అమ్మి, చందాలు పోగేసి, తెరలోనే అంతా ఇమిడిపోయిన కొత్త కంప్యూటరు ఒకటి కొనేశాను. అద్దంలా మెరుస్తోంది. ఊరేగింపుగా తీసుకెళ్ళి వెర్నా బల్లమీద పెట్టాం. ఆవిడ తడిమి చూసి, "రాకెట్ ఏమన్నాడు?" అంది.

"వాడు నిద్రలేచాక అడుగుదాం" అన్నాను.

ఇరవై నాలుగు రోజులు బాగా నడిచింది. వెర్నా వేళ్ళు మీటలకి అలవాటుపడ్డాయి. ఇరవై ఐదో రోజు చిటుక్కుమంది, కమురు వాసన వచ్చింది, ఆరిపోయింది. గ్రెటా దగ్గరికి మోసుకెళ్ళాం. ఆమె అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. మరలు లేవు, అంతా జిగురుతో అంటించేశారు. పగలగొడితే తప్ప తెరుచుకోలేదు. లోపల వేలెడు బల్లి, రెండు తీగల మీద కాళ్ళు పెట్టుకుని.

ఆ వారం 'గాలివాటం' రాలేదు. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి. బేకరీలో ఖాళీ చోటు చూసి జనం వట్టి రొట్టెలే కొనుక్కుపోయారు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మన్నించమని వెర్నా ఇంటికి వెళ్ళాను. అప్పటికే రాకెట్, మావిస్ అక్కడ ఉన్నారు. బల్లమీద నల్లగా, బరువుగా, ఏ దీపాలూ లేని క్యాబినెట్ ఉంది. పక్కన ఒక చెక్కపెట్టె.

"కూచో" అన్నాడు రాకెట్ నాతో. బల్లి మాట ఎత్తలేదు. ఎత్తితే బాగుండుననిపించింది. వెర్నా వైపు తిరిగి, "కళ్ళు మూసుకో" అన్నాడు.

"ఇంకా కాస్త కనిపిస్తోంది నెవిల్."

"అందుకే ఇప్పుడు మూసుకో. చూపున్నప్పుడే చీకట్లో నేర్చుకోవాలి. అనుమానం వస్తే తెరిచి చూసుకోవచ్చు. ముందు గోడ దగ్గర తీగ పీకు. ఆ. వెనక రెండు మరలు, చేత్తోనే తిరుగుతాయి. తలుపు తీసెయ్యి. చెయ్యి లోపల పెట్టు. ఎడమవైపు కింద బరువుగా తగిలేది పవర్ సప్లై. ఎదురుగా గుండ్రంగా ఫ్యాన్. ఫ్యాన్ తీగ తిరగేసి పెట్టి చూడు."

"దూరట్లేదు."

"దూరదు. తప్పుగా దూరే ముక్క ఒక్కటి కూడా కొనలేదు. చెక్కపెట్టెలో చచ్చేవాటన్నిటికీ మారు ముక్కలు ఉన్నాయి. మావిస్ వాటికి నాడాలు కట్టింది. ఒక ముడి ఉంటే ఫ్యాన్, రెండుంటే పవర్ సప్లై, మూడుంటే డిస్కు."

వెర్నా చేతులు కాసేపు లోపల మెల్లగా తిరిగాయి. "ఇవన్నీ నా చేతికి అందుతాయని నీకెలా తెలిసింది?" అంది.

రాకెట్ చెక్కపెట్టెలో నాడాలు సర్దుతున్నాడు. మావిస్ చెప్పింది: "రెండు నెలలు కళ్ళు మూసుకుని బిగించాడు, విప్పాడు. చేతికి అందని ముక్కల్ని దుకాణానికి తిప్పి పంపాడు. నిద్రపోతున్నాడని వీళ్ళంతా దుప్పటి కూడా కప్పారట."

కప్పింది నేనే. కుక్కిన పేనులా కూచున్నాను. రాకెట్ అంటే నాకు ఆ క్షణంలో పట్టరాని ఇష్టం కలిగింది. పైకి చెప్పడం మా షెడ్డులో అలవాటు లేదు గనక లేచి అందరికీ టీ పెట్టాను. నా కప్పు నేనే కడిగాను కూడా.

మరుసటి గురువారం 'గాలివాటం' బేకరీకి వచ్చింది. ఆ తర్వాత, డాక్టరు చెప్పిన ఏడాది తిరక్కుండానే వెర్నా చూపు పూర్తిగా పోయింది. పత్రిక మాత్రం ఆగలేదు. పైగా అక్షరాలు మళ్ళీ చిన్నవయ్యాయి, మాకే కనపడట్లేదని గొణుక్కున్నాం.

మొన్న ఒక మధ్యాహ్నం వెర్నా ఫోన్ చేసింది. "కంప్యూటరు లోపల ఎవరో గురక పెడుతున్నారు. రండి, కానీ ఎవరూ చెయ్యి వెయ్యకండి." నేనూ, రాకెట్ ఇద్దరం వెళ్ళాం. ఆవిడ గోడ తీగ పీకింది, తలుపు తీసింది, లోపల తడిమింది. రాకెట్ చేతులు ఊరుకోక రెండిటినీ తొడల కింద పెట్టుకుని కూచున్నాడు. చెక్కపెట్టెలో ఒక ముడి నాడా వెతికి తీసి, కొత్త ఫ్యాన్ బిగించి, తలుపు వేసి మీట నొక్కింది. కంప్యూటరు నమస్కారం చెప్పింది. పదకొండు నిమిషాలు. నేను గడియారం చూశాను.

"నెవిల్, ఇది నీది" అని చచ్చిన ఫ్యాన్‌ని అతని చేతిలో పెట్టింది.

గురువారం పత్రికలో చావుల పేజీలో, పెద్దల పేర్ల కింద ఇలా ఉంది: "ఫ్యాన్. రెండేళ్ళ మూడు నెలలు రాత్రింబవళ్ళు తిరిగి, మంగళవారం మధ్యాహ్నం కన్నుమూసింది. కారణం, రాకెట్ ముందే చెప్పిన సముద్రపు ఉప్పు. మిగతా కుటుంబం క్షేమం."

షెడ్డులో బుడ్డోడు అది పైకి చదివితే అందరం చప్పట్లు కొట్టాం. రాకెట్ ఒక్కడే నవ్వలేదు. చచ్చిన ఫ్యాన్‌ని వేలితో తిప్పుతూ, చెవి దగ్గర పెట్టుకుని వింటున్నాడు.

"మూడేళ్ళు వస్తుందనుకున్నాను" అన్నాడు బాధగా. "ఫ్యాన్ దగ్గర తొందరపడ్డాను."