ఎవరు, ఎవరికి, ఏమైంది, ఏ ఓడ

మా దీవుల రాజధాని హోనియారాలో, రేడియోలో సలోమి క్వైమానీ ఇరవై ఆరేళ్లుగా సందేశాలు చదువుతోంది. ఫోను అందని దీవులన్నీ సాయంత్రం ఏడింటికి ఆవిడ గొంతు కోసం కాచుకుని ఉంటాయి. ఎవరికి పిల్ల పుట్టిందో, ఎవరి పంది ఏ ఓడలో వస్తోందో, ఎవరు పోయారో ఆవిడ చెబితేనే తెలుస్తుంది. అద్దానికి ఇవతల కూర్చుని మీటలు తిప్పేవాణ్ణి నేను. పంతొమ్మిదేళ్లుగా ఆవిడ తిట్లు తింటున్నాను కాబట్టి ఆవిడ గురించి చెప్పే హక్కు నాకుంది.

ఆవిడకు కావలసినవి నాలుగే ముక్కలు. ఎవరు, ఎవరికి, ఏమైంది, ఏ ఓడ. అరచేతిలో పట్టేంత కాగితం చాలు. ఈ మధ్య జనం కాగితాలు మానేసి ఫోన్లు పట్టుకొస్తున్నారు. అందులోని ఏఐకి ఒక ముక్క చెబితే అది పేజీడు పాకం పట్టి ఇస్తుంది. సలోమి ఆంటీ దానికి పెట్టిన పేరు వాగుడుకాయ.

దాంతో ఆవిడకు పాత కక్ష ఉంది. పోయిన నెల నర్సు చదువు పూర్తి చేసిన ఒకడు ఇంటికి కబురు పంపాడు. 'నా ప్రయాణం ముగిసింది. మీ ప్రేమ ఎప్పటికీ నాతోనే ఉంటుంది' అని వాగుడుకాయ రాసిపెట్టింది, ఆంటీ చదివింది. ఊరు ఊరంతా మూడు రోజులు ఏడ్చి చావు విందుకి పందుల్ని కోసింది. నాలుగో రోజు వాడు చంకలో పరుపు చుట్టతో ఓడ దిగాడు. వాళ్ల మేనత్త ముందు మూర్ఛపోయింది, తేరుకున్నాక చీపురుతో బాదింది. నింద మాత్రం ఆంటీ నెత్తిన పడింది. అప్పటి నుంచి చావు మాట సొంతవాళ్ల నోట తిన్నగా వస్తే తప్ప ఆవిడ చదవదు.

ఆ గురువారం ఆరున్నరకు ఫెస్టస్ అనే అబ్బాయి వచ్చాడు. ఇరవై రెండేళ్లుంటాయి, ఇనప సామాన్ల కొట్లో పని. ఒక చేతిలో ప్లాస్టిక్ సంచి, ఇంకో చేతిలో ఫోను.

"ఆంటీ, ఇది ఇవాళే చదవాలి. ఉలావా దీవిలో ఉన్న మా నాన్నకి."

ఆంటీ నోట్లోని వక్కను రెండో బుగ్గకు తోసి, ఫోను దూరంగా పట్టుకుని చదివింది.

"'ప్రియమైన నాన్నా, బంధాలు మారడం జీవితంలో సహజం. అమ్మ తీసుకున్న నిర్ణయాన్ని గౌరవిద్దాం. ఆమెకు కావలసిన సమయం ఇద్దాం...' ఇదేం గోలరా? ఒరే పాటిసన్, విన్నావా? వీళ్లమ్మ ఎవడితోనో లేచిపోయిందట, మనం దీవులన్నిటికీ దండోరా వెయ్యాలట!"

నేను పగలబడి నవ్వాను. తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

"అదేం లేదాంటీ. నేను చదవలేదు. మంచిగా రాయమన్నానంతే."

"చదవకుండానే మోసుకొచ్చావా? అసలు దానికేం చెప్పి ఏడ్చావు?"

వాడు ఫోను తీసుకుని తను రాసింది చూపించాడు. ఒకటే వరుస. 'అమ్మ వెళ్లిపోయింది. నాన్నకి మంచిగా రాయి.'

"ఎక్కడికి వెళ్లిపోయింది?"

"వెళ్లిపోయిందాంటీ."

"అదేరా, ఎక్కడికి? సంతకా? చుట్టాలింటికా? నా ప్రాణం తీయకుండా చెప్పు!"

వాడు సంచిని గుండెకు హత్తుకున్నాడు. ఆవిడ చూపు సంచి మీద పడింది. అందులో మడతపెట్టిన పువ్వుల లంగా, ఒక జత చెప్పులు, ఆసుపత్రి చీటీ ఉన్నాయి. ఆంటీ బయటికెళ్లి వక్క ఉమ్మేసి వచ్చింది.

"ఎప్పుడు నాయనా?"

"మధ్యాహ్నం."

హోనియారా వచ్చే ఓడ ఉలావాలో మర్నాడు తెల్లారి ఆగుతుంది. మళ్లీ రెండు వారాల దాకా ఇంకోటి లేదు. ఆదివారం పూడ్చిపెట్టాలి. తండ్రి ఆ ఓడ ఎక్కకపోతే పెళ్లాం ముఖం చూసే యోగం ఉండదు.

ఆంటీ కాగితం తీసుకుని పేర్లు రాసింది, ఓడ రాసింది. మధ్యలో ఒక వరుస వదిలేసింది.

"ఇది నువ్వు చెప్పాలి."

"వెళ్లిపోయిందని చదవండి."

"అలాగంటే మీ నాన్న, పోనీలే, వచ్చినప్పుడే వస్తుంది అని చాప మీద పడుకుంటాడు. ఓడ వెళ్లిపోతుంది."

"మీరే ఏదో ఒకటి రాయండి ఆంటీ."

"నేను చూశానా ఆవిణ్ణి? నా నోటితో ఒకణ్ణి చంపింది చాలు."

వాడు మళ్లీ ఫోను తీశాడు. "పోనీ దీన్నే ఇంకోసారి అడుగుతాను."

"ఏమని అడుగుతావురా? దానిక్కూడా చెప్పలేకపోయావు! చెప్పుంటే అదే సరిగ్గా రాసి ఏడ్చేదేమో. ఊరికే దాన్ని ఆడిపోసుకున్నాను."

ఏడింటికి ఇంకా రెండు నిమిషాలే ఉంది. వీడి మొండితనం, ఆవిడ నియమం, రెండూ చూసి నాకు ఒళ్లు మండిపోయింది. "తెల్లారేలా ఉంది, కానివ్వండి!" అని అరిచాను. ఆంటీ వాడి మణికట్టు పట్టుకుని లోపలికి లాక్కుపోయి మైకు ముందు కూర్చోబెట్టింది. పంతొమ్మిదేళ్లలో ఆ కుర్చీలో ఇంకొకళ్లని కూర్చోనివ్వగా నేను చూడలేదు.

"ఇక్కడ మీ నాన్న ఒక్కడే ఉన్నాడనుకో."

ఎర్రదీపం వెలిగింది.

"నాన్నా, నేను ఫెస్టస్‌ని" అన్నాడు. తరవాత ఏమీ లేదు. ఏదైనా పాట వేసేద్దామని నేను చెయ్యి కదిపితే, అద్దం అవతల నుంచి ఆంటీ పిడికిలి చూపించింది.

"అమ్మ చచ్చిపోయింది నాన్నా. మధ్యాహ్నం. నేను పక్కనే ఉన్నాను. రేపు ఓడెక్కు నాన్నా."

ఏ సందేశమైనా రెండుసార్లు చెప్పడం మా పద్ధతి. రెండోసారికి ఫెస్టస్ బల్ల మీద తల వాల్చేశాడు. ఆంటీ వాణ్ణి తన నడుముకు ఆనించుకుని, నిలబడే మైకు మీదికి వంగింది. కాగితంలో లేని మాట ఒక్కటైనా ఎన్నడూ కలపని మనిషి, ఆ రోజు చివర్లో ఒకటి కలిపి చదివింది.

"ఉలావాలో ఉన్న జోనా గారికి. మీ భార్య రోసీనా ఈ మధ్యాహ్నం చనిపోయింది. రేపు తెల్లారి ఓడెక్కండి. మీరొచ్చేదాకా మీవాడు మా ఇంట్లో ఉంటాడు."