బోర్లించిన గ్లాసు

మా ఇంటికి ఎదురుగా ఒక అబండన్ క్వార్టర్ ఉంది. కప్పు పెచ్చులూడుతోందని రైల్వేవాళ్లు మనుషుల్ని ఖాళీ చేయించి, కరెంటు కోసేసి, గోడ మీద తెల్లరంగుతో ఆ మాటే రాసి వదిలేసిన ఇల్లన్నమాట. ఓల్డ్ సెటిల్‌మెంట్ అనే మా రైల్వే కాలనీలో ఇలాంటివి వీధికొకటి ఉంటాయి. కాని ఇది ఒకప్పుడు మా ఇల్లే. కొత్తకోడలిగా నేను కాలుపెట్టింది ఆ గుమ్మంలోనే. మా మావగారు వర్క్‌షాపులో పనిచేస్తూనే గుండెపోటుతో పోయారు. ఆయన స్థానంలో మా మరిదికి ఉద్యోగం ఇచ్చారు, వాడి పేరు మీదే ఇప్పుడున్న క్వార్టర్ వచ్చింది. మా ఆయన గోల్‌బజార్‌లో బట్టల కొట్లో పనిచేస్తాడు. మరిది ఉద్యోగం ఊడితే మేమందరం రోడ్డు మీదే. మా అత్త మటుకు భర్త పోయాడని ఎన్నడూ అనేది కాదు. "మీ మావ డ్యూటీ దిగినాక" అనేది, అంతే.

ఆ వేసవి క్రికెట్ మ్యాచ్‌లు మొదలయ్యాయి. దీపాలు పెట్టే వేళ నేనూ అత్తా టీవీ ముందు కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నాం. బౌలర్ ఇంకా పరుగే మొదలెట్టలేదు. ఎదుటి ఖాళీ ఇంట్లోంచి "ఓరి నాయనో!" అని ఒక కేక వచ్చింది. సాగదీసి, చివర్న జీరపోయిన కేక. వికెట్ పడితే మా మావగారు అచ్చం అలాగే అరిచేవారు. ఆ తర్వాత టీవీలో బంతి పడింది, వికెట్ ఎగిరింది.

"ఇన్నావేటే?" అంది అత్త. ఆవిడ ముఖంలో భయం లేదు. "మీ మావేనే. బంతి పడకముందే తెలిసిపోనాదంటే, బతికున్నోళ్లకి తెలుస్తాదేటి?"

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. లేకపోయినా ఆ పూట పెరట్లోకి లైటు వేసుకునే వెళ్లాను.

పోయినవాళ్ల గొంతు కేకేస్తే పలక్కూడదనీ, వాళ్లకి ఇష్టమైంది ఆ గుమ్మంలో పెట్టి వెనక్కి చూడకుండా వచ్చేయాలనీ మా వాళ్ల పద్ధతి. అప్పట్నుంచి మ్యాచ్ ఉన్నప్పుడల్లా అత్త అల్లం టీ కాచి, ఆ అరుగు మీద పెట్టి వచ్చేది. తెల్లారి చూస్తే గ్లాసు ఖాళీ. ఖాళీయే కాదు, అరుగు అంచున బోర్లించి ఉండేది. మావగారికి అదే అలవాటు, తాగిన గ్లాసు బోర్లిస్తేగాని లేచేవారు కారు. అత్త ఆ గ్లాసుని కొంగుతో తుడిచి తెచ్చుకునేది. మనిషికి కొత్త కళ వచ్చింది. నాకేమో ఆ వీధి వైపు కిటికీ తెరవాలంటే చెయ్యి రాలేదు.

ఒక ఆదివారం అన్నాల దగ్గర మా ఆయన గోల్‌బజార్ కబురు చెప్పాడు. బెట్టింగ్ ఆడుతున్న కుర్రాళ్లని పోలీసులు పట్టుకెళ్లారట.

"ఫోన్లో ఆడితే తప్పేటన్నియ్యా? మొన్నటిదాకా టీవీలో అడ్వటైజ్‌మెంట్లు ఏసినారు కదా" అన్నాడు మరిది.

"మొన్నటి సంగతి ఒగ్గేయ్. ఇప్పుడు డిల్లీలో సట్టం ఒచ్చీసినాది, డబ్బులెట్టి ఆడేవన్నీ బంద్. ఆడించినోడికి జైలంట, ఆడినోడిని ఏటీ అనరంట. గానీ నలుగురు ఒక ఇంట్లో సేరి ఆడితే, పాత సట్టంలో అది జూదం అడ్డా. సర్కారు నౌకరీ ఉన్నోడు దొరికితే సస్పెండే."

"బంద్ అయితే ఇంకెలా ఆడతన్నారు?" అన్నాను.

"ఆ యాపే పేరు మార్సుకుని మళ్లీ ఒస్తాది. ఆఫీసు నేదు, అడ్రసు నేదు."

ఉన్నట్టూ కాదు, లేనట్టూ కాదు. గెలిస్తే ఇచ్చేవాడెవడో తెలీదు, ఓడితే ఎవరి మీద ఫిర్యాదు చెయ్యాలో తెలీదు. మా అత్త దయ్యానికి కనీసం ఒక గుమ్మం ఉంది అనుకున్నాను.

మరిది మజ్జిగ తాగి, పూరీ గేట్ వైపు ఉండే ఫ్రెండు దగ్గరికని వెళ్లిపోయాడు. ఎంగిలి కంచాలు తీస్తూ చూశాను. వాడి గ్లాసు గట్టు మీద బోర్లించి ఉంది. తండ్రి అలవాటు కొడుక్కి వచ్చింది, గొంతు మాత్రం రాదా? నా ఒళ్లు మండిపోయింది. దయ్యమైతే ఇన్ని పసుపునీళ్లు చల్లుకుంటాం. ఇది ఇంటినే ఎత్తుకుపోయేది.

సాయంత్రం కుళాయి దగ్గర పట్టుకున్నాను. "ఏటి బావు, మీ నాన్న టీ బాగుంటన్నాదా?"

వాడు బిందె కింద పెట్టేశాడు. "అమ్మకి సెప్పకొదినా. గ్రౌండులో ఒకడున్నాడు, ఫోన్లో మాకు ముందే సెప్తాడు. టీవీలో ఎనకాల ఒస్తాది. ఆపుకోలేక అరిసీసినాను."

"టీ ఎందుకు తాగినావు?"

"తాగకపోతే అమ్మ ఏడుస్తాది కదా."

మానేస్తానని ఒట్టేశాడు. జూదగాడి ఒట్టు నీటి మీద రాత.

తర్వాతి మ్యాచ్‌నాడు అత్త టీ పట్టుకుని ఆ అరుగు ఎక్కుతోంది. మళ్లీ అదే కేక. సరిగ్గా అప్పుడే బైకు మీద పోతున్న రైల్వే పోలీసులిద్దరు ఆగారు. నేను మా గుమ్మంలోంచి చూస్తున్నాను. ఉద్యోగం పోయింది, ఇల్లు పోయింది అనుకున్నాను.

"లోపల ఎవరు మాసీమా?" అన్నాడు కానిస్టేబుల్ ఈ ఊరి బెంగాలీలో, పిన్నిగారిని పిలిచినట్టు.

"మా ఇంటాయన. టీ తెచ్చాను" అంది అత్త కూడా బెంగాలీలోనే, తొణక్కుండా.

"ఇంకెవరున్నారు?"

"ఆయనొక్కరే."

పక్కనున్న పాన్ కొట్టతను కానిస్టేబుల్ చెవిలో ఏదో ఊదాడు. ఆవిడ భర్త పోయి ఏళ్లయిందనే అయ్యుంటుంది. కానిస్టేబుల్ చీకటి తలుపు కేసి చూశాడు. అత్త చేతిలో పొగలు కక్కుతున్న గ్లాసు కేసి చూశాడు. ఇప్పుడే విన్న కేక గుర్తొచ్చిందేమో, "ఠీక్ హై, మాసీమా" అని గబగబా బైకెక్కాడు.

లోపల ఆడుతున్న మిగతా కుర్రాళ్లు వెనక గోడ దూకి పారిపోయారు. మరిది మాత్రం ముందు తలుపు తీసుకుని వచ్చాడు. అత్త తిట్టలేదు, కొట్టలేదు. "సల్లారిపోతాది, తాగు" అంది. వాడు నిలబడే తాగి, తెలియకుండానే గ్లాసు అరుగు మీద బోర్లించాడు. అత్త ఆ గ్లాసునే చాలాసేపు చూసింది.

మరుసటి మ్యాచ్‌కి మరిది మాతోనే టీవీ ముందు కూర్చున్నాడు. బౌలర్ పరుగెత్తినప్పుడల్లా నా చెవి ఎదుటింటి మీదే ఉంది. బంతి పడింది, వికెట్ పడింది, ముందు ఏ కేకా రాలేదు. ఆ నిశ్శబ్దానికి నేను కేకకన్నా ఎక్కువ భయపడ్డాను. అత్త వంటింట్లోంచి టీ తెచ్చింది. ఉన్న మనుషులకి సరిపడా గ్లాసులే ఉన్నాయి.

"నాన్నకి ఎట్టవేటమ్మా?" అన్నాడు మరిది, తలెత్తకుండా.

"మీ నాన్న సచ్చిపోనాడు కదరా" అంటూ ఏడ్చేసింది అత్త.

ఆ మాట ఆవిడ నోట వినడం నాకదే మొదలు. మావగారు పోయిన రోజున కూడా ఆవిడ అలా ఏడవలేదు.