చిరుతపులి కాదు, కుక్క

నా భార్య పెద్దకర్మ రోజు మధ్యాహ్నం రెండుంబావుకు భోజనాలు ముగిశాయి. పెద్దారవీడు నుంచి వచ్చిన ఆమె తమ్ముడు నా పక్కన చాప మీద కూర్చుంటూ, "బావా, ఆ చిరుతపులి కథ చెప్పు. అక్క ఉన్నట్టుంటది" అన్నాడు.

పెళ్లయిన కొత్తలో మేమిద్దరం గొర్రెలను అడవి అంచుకు తోలుకుపోయినప్పటి సంగతి అది. పొద్దుగూకే వేళ పొదలో ఏదో కదిలి, గొర్రెలు చెదిరిపోయాయి. నేను చెప్పినప్పుడల్లా అది చిరుతపులే. అక్కడికి రాగానే వంటింట్లోంచి ఆమె అందుకునేది.

"పులి యాడిదయ్యా? మన ఎర్రకుక్క గదా! కట్టె పారేసి నాకంటే ముందు ఉరికినావు."

అందరూ నవ్వేవారు. కథ పాడుచేస్తోందని మొదట్లో విసుక్కునేవాణ్ణి. ఏళ్లు గడిచాక, ఎక్కడ మాట్లాడుతున్నా ఒక మాట ఎక్కువ చేయబోతే ఆమె గొంతు నాకు ముందే వినిపించేది. ఉన్నది ఉన్నట్టు చెప్పడం నేను అలా నేర్చుకున్నాను. చదివిన పుస్తకాలు నాకు అది నేర్పలేదు.

ఆ రోజు చిరుతపులి దాకా చెప్పి, అలవాటు ప్రకారం ఆగాను. వంటింట్లో ఎవరో గిన్నెలు తోముతున్నారు.

"ఆగినావేంది బావా?" అన్నాడు ఆమె తమ్ముడు.

"పులి కాదులే. మన కుక్కే," అన్నాను.

ఎవరూ నవ్వలేదు. అతను తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. ఆ మాట ఆమె అంటేనే అది కథ అని నాకు అప్పుడు తెలిసింది.

మా ఇంట్లో ఇప్పుడు ఆ కథ ఎవరూ చెప్పడం లేదు.