సైరన్ మోగితే చెరువుల వైపు

పదవీ విరమణకు ఇంకా రెండేళ్లుందనగా, ఒక అక్టోబరు మొదట్లో, నన్ను మొగల్తూరు అవతల సముద్రం ఒడ్డు మండలానికి డిప్యూటీ తహసీల్దారుగా వేశారు. మండలంలో తహసీల్దారు గారి తర్వాత కుర్చీ అదే. తుఫాను కబురు వస్తే కంట్రోల్ రూము నడిపేది ఆ కుర్చీలో ఉన్నవాళ్లే. కంట్రోల్ రూము అనగానే ఏదో ఊహించుకోకండి. రెండు ఫోన్లు, ఒక వైర్‌లెస్ సెట్టు, గోడకి మండలం మ్యాపు, సరిగ్గా కరెంటు పోయినప్పుడే మొరాయించే ఇన్వర్టరు.

అప్పటికి ఫోన్లలో సైరన్ మోగే హెచ్చరిక కొత్తగా వచ్చింది. అదెలా పనిచేస్తుందో తెలుసుకోవాలని నాకు మహా కుతూహలంగా ఉండేది. మామూలు మెసేజీ ఒక్కో నంబరుకీ విడివిడిగా వెళ్లాలి. ఇది అలా కాదు. తుఫాను అంచనా అందగానే రాష్ట్ర కార్యాలయంలో మ్యాపు మీద ప్రమాదం ఉన్నంత మేర గీత గీస్తారు. ఆ గీత లోపలి టవర్లన్నీ ఒకేసారి కబురు వదులుతాయి. ఎవరి నంబరూ ఎవరికీ తెలియక్కర్లేదు. అప్పుడే భీమవరం బస్సు దిగిన చుట్టం ఫోను కూడా మోగుతుంది. సైలెంట్‌లో పెట్టినా ఊరుకోదు. కొన్ని పాత ఫోన్లు మాత్రం మోగవు, అందుకని ఆటోకి మైకు కట్టి ఊరంతా తిప్పడం మేం మానలేదు.

నేను చేరిన నెల తిరక్కుండానే తుఫాను పట్టుకుంది. జనాన్ని తుఫాను షెల్టరుకి తరలించడానికి మధ్యాహ్నం నేను ఊరి సెంటరులో నిలబడి ఉన్నాను. నా సర్వీసంతా నేను పడ్డ తిప్పలు జనం నమ్మకపోవడంతోనే. "ఇలాంటివి ఎన్ని చూశామండి, మాకేం కాదండి" అనేవారు. ఆ రోజు టీ కొట్టు దగ్గరా ఆటోల్లోనూ ఉన్న ఫోన్లన్నీ ఒక్కసారిగా గగ్గోలు పెట్టాయి. పెనుగాలులు వీస్తాయి, విద్యుత్ సరఫరా నిలిచిపోతుంది, సురక్షిత ప్రాంతాలకు వెళ్లండి అని కబురు. అందరూ శ్రద్ధగా చదివారు. టీ గ్లాసులు కింద పెట్టి బళ్లు స్టార్ట్ చేశారు. అమ్మయ్య, ఇన్నాళ్లకి నమ్మారు అనుకున్నాను. తీరా చూద్దును కదా, బళ్లన్నీ షెల్టరు వదిలేసి సముద్రం వైపు పోతున్నాయి!

పెద్దిరాజు గారని ఆ ఊళ్లో రొయ్యల రైతు, హ్యాండిలుకి అటూ ఇటూ డీజిల్ క్యాన్లు తగిలించుకుని నా ముందు నుంచే వెళ్తున్నారు. షెల్టరు ఇటండీ అని అరిచాను.

"తెలుసండి. కరెంటు పోద్దంటండి, మీ ఫోనే చెప్పింది కదండీ!" అంటూ ఆగకుండా వెళ్లిపోయారు.

నాకు ఒళ్లు మండింది. ఆ వెంటనే విషయం తలకెక్కింది. రొయ్యల చెరువులో నీళ్లు చిలికి గాలి అందించే ఏరియేటర్లు కరెంటు మీద తిరుగుతాయి. అవి ఆగితే ఊపిరాడక రొయ్యలు పైకి తేలతాయి, పంట తెల్లారేసరికి పోతుంది. అందుకే రైతు కన్ను మొత్తం కబురులో కరెంటు మాట దగ్గరే ఆగిపోయింది. జనాన్ని లోపలికి పంపడానికి రాసిన కబురు, చదివినవాళ్లని చదివినట్టే చెరువుల మీదికి తోలింది.

జీపు వేసుకుని రాజు గారి చెరువుకి వెళ్లాను. గట్టు మీద రేకుల షెడ్డు, అందులో రెండు కూలీ కుటుంబాలు, ఒకామె చంకలో పసిబిడ్డ. సముద్రం అక్కణ్ణుంచి కనిపిస్తూనే ఉంది. వాళ్లు రాత్రి అక్కడే ఉంటే దక్కరని నాకు భయం పట్టుకుంది. రాజు గారు జనరేటరు దగ్గర నుంచి తలెత్తలేదు. వారంలో రొయ్యలు పట్టి అమ్మే పట్టుబడి అట, పెట్టుబడంతా ఆ నీళ్లలోనే ఉందట.

"వస్తానండి, రానన్నానా? గాలి ఎన్నింటికొస్తదో చెప్పండి. ఆ లోపు నా పని నేను చూసుకుని వచ్చేస్తాను" అన్నారు.

న్యాయమైన ప్రశ్న. జిల్లా కంట్రోల్ రూముకి ఫోను చేసి అడిగాను. అక్కడి అధికారి గంట చెప్పడానికి ససేమిరా అన్నారు. గాలి ముందే వస్తే జవాబు ఎవరు చెప్పాలని ఆయన బెంగ. బులెటిన్‌లో మాత్రం చీకటి పడ్డాక గాలి ముదురుతుందని ఉంది. దాని నుంచి వెనక్కి లెక్కేసి, దారిలో చెట్లు పడక ముందే షెల్టరు చేరాలని చూసి, అయిదు గంటలని నేనే చెప్పేశాను. మేత ఆపండి, ట్యాంకు నిండా డీజిల్ పొయ్యండి, జనరేటరు దాని మానాన వదిలేసి అయిదింటికి గట్టు దిగండి అన్నాను.

"అయిదంటే అయిదేనండి. మళ్లీ నాలుగున్నరకే వచ్చి లాక్కుపోకూడదు" అన్నారాయన.

మైకు ఆటోని ఊళ్లోంచి చెరువుల గట్ల వైపు తిప్పించి అదే మాట చెప్పించాను. అయిదింటికి షెల్టరు గుమ్మంలో నిలబడ్డాను. ఒక్కొక్కరే వచ్చారు. రాజు గారు మేత బళ్లో కూలీల్ని ఎక్కించుకుని తడిసి ముద్దై వచ్చారు. ఆ చంటిదాని ఏడుపు వినిపించాకే నేను కూర్చున్నాను.

తెల్లారి వెళ్లి చూస్తే షెడ్డు లేదు. అది ఉన్న చోట కరెంటు స్తంభం అడ్డంగా పడి ఉంది. రాత్రి ఎప్పుడో జనరేటరు ఆగిపోయింది. చెరువు నిండా రొయ్యలు తెల్లగా తేలి ఉన్నాయి. రాజు గారు గట్టు మీద కూలబడి ఏడ్చారు. "నేనుంటే మళ్లీ తిప్పుకునేవాణ్ణండి. మీ మాట విని పంట పోగొట్టుకున్నాను" అన్నారు. ఆ స్తంభం చూసి మాట్లాడండి అని నోటిదాకా వచ్చింది గానీ మింగేశాను. పోయింది ఆయన పంట. ఆ తర్వాత ఎదురుపడినా ఆయన నన్ను పలకరించలేదు.

రిటైరై భీమవరం వచ్చేశాక ఒక మధ్యాహ్నం నా ఫోను మళ్లీ గగ్గోలు పెట్టింది. కబురు చదవడం పూర్తికాకుండానే రింగయింది. పెద్దిరాజు గారు!

"మేడం గారూ, ఈసారి ఎన్నింటికండీ?"

నేను రిటైరయ్యానండీ రాజు గారూ అన్నాను.

"ఆ సంగతి తెలుసండి. కనుక్కుని చెప్పండి, కూలీలు చెరువు మీదున్నారు" అన్నారు.

నా కుర్చీలో ఇప్పుడున్న అమ్మాయికి ఫోను చేసి, కనుక్కుని చెప్పాను. ఈసారి నాలుగు. ఆయన సరేనండి అని పెట్టేశారు.

ఏం రాబోతోందో చెబితే హెచ్చరిక సగమే అయినట్టు. చేతిలో పని ఎన్నింటికి వదలాలో చెప్పనంత కాలం మనిషి ముందు తన ఆస్తి దగ్గరికే పరిగెడతాడు. ఆ గంట చెప్పే పూచీ ఎవరో ఒకరు నెత్తిన వేసుకోవాలి.