టీచరమ్మ సభలో మొదటి సంతకం

టీచరమ్మ పోయిందని అమ్మ ఫోన్ చేసినప్పుడు నేను ఖమ్మంలో, హాస్టల్ పంపు దగ్గర బట్టలు పిండుతున్నాను. "భద్రాచలం దవాఖానాకు తీస్కపోయేలోపే పాణం పోయిందంట. పొద్దున మన కొట్టు కాడనే చాయ్ తాగింది బిడ్డా. చక్కెర ఎక్కువేసినవని తిట్టింది గూడ," అంది అమ్మ. ఆ తిట్టు తలుచుకునే ఏడ్చింది.

పర్ణశాలకు పోయే దారి మీద మా ఊరు. మా ఊరి అంగన్‌వాడీలో నాలాంటి ఎందరికో అక్షరాలు దిద్దించింది టీచరమ్మ. రిటైరయ్యాక న్యాయ సేవల వాళ్ల శిక్షణకు వెళ్లొచ్చి, ఈసారి పెద్దవాళ్లకు చదువు మొదలుపెట్టింది. ఆమె లాయరు కాదు. లాయరు దగ్గరికి ఎప్పుడు పోవాలో, పోయేటప్పుడు చేతిలో ఏ కాయితం ఉండాలో చెప్పేది. ఆమె దగ్గర చదువుకున్నది రోడ్డు పక్క పదకొండు కొట్ల ఆడవాళ్లు. వెదురు బుట్టలు, తేనె, ఉడికించిన గడ్డలు అమ్ముకునేవాళ్లు. మా అమ్మది చాయ్ కొట్టు. మా ఇల్లు నడిచేది దాని మీదే.

మొదటి రోజు పాఠం నాకు బాగా గుర్తు. తెల్ల కాయితం ఒకటి తిప్పి, "చాయ్ తాగినోళ్లు కింద సంతకాలు పెట్టుండ్రి," అంది. అందరూ పెట్టారు, రానివాళ్లు వేలిముద్ర వేశారు. ఆ సంతకాలకు పైన ఆమె నింపాదిగా రాసి, గట్టిగా చదివింది: "మా కొట్లు, మా కోళ్లు టీచరమ్మకు ఇష్టపూర్వకంగా రాసిస్తున్నాం."

బుట్టలల్లే అమ్మమ్మ పకపకా నవ్వింది. "కోళ్లొక్కటే ఎందుకు టీచరమ్మా, మా ముసలోణ్ణి గూడ రాస్కో!"

"నీ ముసలోడు నాకెందుకే, ఉన్నోడే ఎక్కువైండు. ఖాళీ కాయితానికి ఆకలెక్కువ, గుర్తుపెట్టుకోండ్రి. ఏది రాస్తే అది మింగుద్ది."

చదవకుండా ఆమె దేన్నీ వదిలేది కాదు. పెళ్లి పత్రిక ఇచ్చినా వెనక్కి తిప్పి చూసేది. నాకు మాటల పిచ్చి పట్టింది ఆమె దగ్గరే. 'తీర్మానం', 'అభ్యంతరం', 'ధ్రువీకరించిన నకలు' లాంటివి విని, నోట్‌బుక్కులో రాసుకుని, ఇంట్లో పైకి చదువుకునేదాన్ని. "మాట బాగుందని మురవకు పిల్లా. అది నిన్నేం చేస్తదో చూడు," అనేది. నేను మురిసేదాన్ని. రెండో ముక్క చెవికెక్కలేదు.

ఆమెను ఊరంతా ప్రేమించిందని రాస్తే అబద్ధమవుతుంది. పంచాయతీ ముందు బెంచీ మీద కూర్చునేవాళ్లు ఆమెను చూస్తే, "రూల్సమ్మొస్తాంది, లుంగీలు సర్దుకోండ్రా," అనేవాళ్లు. ఆఫీసుల్లో ఆమెకు కుర్చీ చూపించినవాళ్లు తక్కువ. యాత్రికుల బండ్లు ఆపుకోవడానికి మా కొట్ల జాగా కావాలని ఊరి పెద్దమనిషి ఒకాయన పట్టుబట్టాడు. మాది ఏజెన్సీ ఊరు. గ్రామసభ ఒప్పుకోనిదే కదిలించలేరని ఆమె అందరికీ ముందే చెప్పి ఉంచింది. సభలో లేచి నిలబడింది.

"ఈ ఆడోళ్లు ఏడికి పోవాలె? ముందు గది రాయుండ్రి. తర్వాత సంతకాలు అడుగుండ్రి."

అది రాయలేదు. సంతకాలు పడలేదు. ఆ ఏడాదికి కొట్లు మిగిలాయి.

ఆమె పోయిన పదకొండో రోజు అంగన్‌వాడీ ముందు సంతాప సభ పెట్టాం. నేను నాలుగు పేజీలు రాసుకెళ్లి చదివాను. చప్పట్లు కొట్టారు. సంతాప సభలో చప్పట్లేమిటని కూడా నాకు తోచలేదు. కొట్ల జాగా అడిగిన ఆ పెద్దమనిషే కళ్లు తుడుచుకుంటూ ఒక రిజిస్టరు తెచ్చాడు.

"టీచరమ్మ కోసం ఎంతమంది వచ్చిండ్రో రాసి ఉండాలె గదా. ఆమె పేరు మీద హాలు కట్టిద్దాం. చదువుకున్న బిడ్డవు, నువ్వే ముందు పెట్టు."

పెట్టాను. నా వెనక అమ్మ, అమ్మ వెనక కొట్ల వాళ్లు వచ్చారు. బుట్టల అమ్మమ్మ వంతు రాగానే రిజిస్టరు చేతిలోకి తీసుకుని నా వైపు చూసింది.

"పైన ఏం రాసిండ్రు బిడ్డా? జర చదువు."

పైన ఏమీ లేదు. పేజీలో సగం తెల్లగా ఉంది. "ఇయ్యాల గూడనా అమ్మమ్మా! గిది చావు కాడ పెట్టే సంతకం. దీన్ని గూడ చదువుతరా ఎవరన్న?" అని కసిరాను. అందరి ముందు ఆమె సిగ్గుపడింది. వేలిముద్ర వేసింది.

చావు దగ్గర కాయితం చదవడం మర్యాద కాదని మా ఊళ్లో పుట్టిన ప్రతివాళ్లకూ తెలుసు. ఆ పెద్దమనిషికీ తెలుసు. టీచరమ్మ ఉంటే చదివేది.

నెల తిరక్కుండానే జేసీబీ వచ్చింది. గ్రామసభ ఒప్పుకుందట. ఆ తీర్మానం నకలు కోసం దరఖాస్తు పెట్టాను. అదొక్కటీ ఆమె నేర్పినట్టే చేశాను. వచ్చిన కాయితంలో సంతాప సభ తేదీనే గ్రామసభ తేదీ. "కొట్లు తొలగించుటకు మేమందరం ఇష్టపూర్వకంగా ఒప్పుకుంటిమి," అని ఉంది. దాని కింద మొదటి సంతకం నాది. తిరిగి పరిశీలించమని అర్జీ ఇచ్చాం. విచారణ చేస్తామన్నారు. ఇంకా ఎవరూ రాలేదు.

టీచరమ్మ గురించి మంచి మాటలు ఇంకా చాలా రాయగలను. రాయాలంటే భయమేస్తోంది. ఆ నాలుగు పేజీలు బాగున్నాయని ఊళ్లో ఇప్పటికీ అంటున్నారు.

మొన్న సెలవులకు వెళ్లాను. అమ్మ ఇంట్లోనే ఉంటోంది. రోడ్డు పక్క కొట్ల గుంజలు పీకిన గుంతలు వరసగా ఉన్నాయి. వాటి నిండా వాననీళ్లు. బుట్టల అమ్మమ్మ ఒక్కతే తన గుంతల మధ్య గోనెసంచి పరుచుకుని, తడిసిన బుట్టలు ముందేసుకుని కూర్చుంది. నన్ను చూసి పక్కకు జరిగి, గోనె మీద చోటిచ్చింది.